నల్లా నీళ్ళ పాలకూర

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఇద్దరు ఉద్యాన అధికారులు మొన్న మా ఇంటికి వచ్చారు. శంషాబాద్ చుట్టుపక్కల కూరగాయల అంగళ్ళ గురించి నాకు బాగా తెలుసని ఎవరో చెప్పి పంపించారట. టీ తాగారు, బిస్కెట్లు తిన్నారు, ఫోన్ తీసి రికార్డింగ్ పెట్టి "మీ సక్సెస్ స్టోరీలు చెప్పండి మేడం" అన్నారు. చాలాసేపు ఆలోచించాను. ఒక్కటి కూడా తట్టలేదు. నాకు మతిమరుపు వచ్చిందనుకున్నారు పాపం, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి వెళ్ళిపోయారు.

మతిమరుపేం లేదు. అన్నీ గుర్తున్నాయి, అదే నా బాధ. ఆ పిల్లలకు ఆరోజు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, శాలువాలు రాయను. అవి అందరివీ ఒకే తీరుగా ఉంటాయి. డిప్యుటేషన్ మీద నేను పనిచేసిన మున్సిపాలిటీ పేరు కూడా రాయను. విమానాశ్రయం వచ్చాక దాని చుట్టూ లేచిన చిన్న మున్సిపాలిటీల్లో అదొకటి అనుకోండి, చాలు.

చూసే మొక్కలు

మా నాన్న షాద్‌నగర్ దగ్గర వంకాయ, టమాటా పండించేవాడు. నాకు ఉద్యాన శాఖలో ఉద్యోగం వచ్చినప్పుడు మా ఊళ్ళో అందరికన్నా ఎక్కువ సంబరపడింది కూరగాయల రైతులే. మన పిల్ల ఆఫీసరైంది, ఇక మనకు ఢోకా లేదు అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

తీరా సర్వీసులో ఎక్కువ కాలం నేను నాటించింది తినడానికి పనికిరాని మొక్కలు. రోడ్డు మధ్య డివైడర్ల మీద ఎర్రాకుల మొక్కలు, కూడళ్ళలో పచ్చగడ్డి, ఎవరైనా పెద్దవాళ్ళు విమానం దిగుతున్నారంటే ముందురోజే దారి పొడుగునా పూలకుండీలు. ఎండాకాలంలో వాటికి ట్యాంకర్లతో నీళ్ళు పోయించేవాళ్ళం. ఆ రోడ్డుకు అవతల వైపు మడులు ఎండిపోతున్నాయని ఆడవాళ్ళు వచ్చి ఒక్క ట్యాంకర్ ఇమ్మని అడిగితే, దానికి రూల్ లేదని చెప్పేవాళ్ళం.

ఒకసారి అలాగే ఎవరో వస్తున్నారని రోడ్డు పక్కన కూరలమ్మే ఆడవాళ్ళను లేపేశారు. లేపింది పోలీసులు. ఖాళీ అయిన జాగాలో కుండీలు పెట్టించమని నన్ను పంపారు. ఒకామె గంప నెత్తికెత్తుకుంటూ ఆగి, కుండీలోంచి ఒక ఆకు తుంపి వాసన చూసింది.

"ఇది కూరకొస్తదా మేడం?" అని అడిగింది.

"రాదమ్మా."

"కూరకు రాదు, పండు గాయదు. మరి దీనికెందుకు జాగా?"

ఆవిడ పేరు అండాలమ్మ. ఇది ఆవిడ కథే.

అండాలమ్మ అత్తగారి భూమి ఎప్పుడో రోడ్ల కింద పోయింది. ఔటర్ రింగ్ రోడ్డుకు కొంచెం ఎడంగా ఒక లేఅవుట్ ఉంది. తెల్లరాళ్ళు పాతారు, రోడ్లు గీశారు, ప్లాట్లు అమ్ముడుపోయాయి, ఇళ్ళు మాత్రం లేవలేదు. ప్లాట్లు కొన్నవాళ్ళు ఎక్కడెక్కడో ఉంటారు. అక్కడి కాపలాదారుకు రోజూ ఇంత కూర ఇచ్చి, లేఅవుట్ బోరు నీళ్ళతో ఆ రాళ్ళ మధ్యనే మడులు కట్టుకుని ఆవిడ ఆకుకూరలు వేసేది. విమానం నెత్తిమీదినుంచి పోతున్నా తల ఎత్తేది కాదు. ఆవిడలాగే ఆ బస్తీలో ఇంకొంతమంది ఆడవాళ్ళు ఖాళీ ప్లాట్లలో కూర పండించేవాళ్ళు. ఒక్కమాట చెప్పాలి, ఆవిడేం దేవత కాదు. నోరు పెద్దది. ఎండాకాలం రాగానే ఆవిడ కట్ట సన్నబడేది. ఇదేంది అండాలమ్మా అంటే, "ఎండకు మనుషులే సన్నవడ్తున్నరు, కూర సన్నవడదా?" అనేది.

గేటు లోపలి అంగడి

నాకు పై అధికారులుగా వచ్చిన కమిషనర్లలో ఒకాయన రిటైర్మెంట్‌కు దగ్గరపడిన మనిషి. ఫైళ్ళంటే విసుగు, మనుషులంటే విసుగు లేదు. రోడ్డు మీద లేపేసిన ఆడవాళ్ళు ఆఫీసు ముందుకొచ్చి లొల్లి చేస్తుంటే బయటికొచ్చి చూశాడు. "పొద్దున ఆఫీసు తెరిచేదాకా మన కాంపౌండ్ ఖాళీగనే ఉంటది గదా. కూసోనియ్యి" అని వాచ్‌మన్‌కు చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. అంతే. ఆర్డర్ లేదు, తీర్మానం లేదు, బోర్డు లేదు.

మర్నాటినుంచి గేటు లోపల అంగడి మొదలైంది. కాలేజీ అమ్మాయిల హాస్టల్ వంటామె అక్కడికే వచ్చి గంపలకు గంపలు తీసుకెళ్ళేది. మా స్టాఫ్ పొద్దున్నే వచ్చి కూరలు కొనుక్కుని సీట్ల కింద పెట్టుకునేవాళ్ళు. ఆఫీసంతా మెంతికూర వాసన. ఒక ఉత్తర్వు ఇప్పించుకుందాం సార్, రేపు మీరుండరు అని నేను అడిగాను. "కాయితం మీద పెడితే ఎవడో ఒకడు చదువుతడు మేడం. చదివినోడు ఆపుతడు. నడవనియ్యి" అన్నాడు.

ఆయనకు బదిలీ అయింది. గేటు మూసేశారు. ఎవరినీ అడగాల్సిన పని కూడా లేకపోయింది, ఎందుకంటే అక్కడ అంగడి ఉన్నట్టు ఏ కాగితం మీదా లేదు. అండాలమ్మ మళ్ళీ రోడ్డు పక్కకు చేరింది. మనిషి మంచితనం మీద నడిచేది ఆ మనిషి కుర్చీతో పాటే పోతుందని నాకు అప్పుడు తెలిసొచ్చింది. అందుకే పాలసీ కావాలని నేనే అందరికన్నా ఎక్కువ తిరిగాను.

మూడు మాటలు

తరువాత వచ్చిన కమిషనర్ వయసులో చిన్నవాడు. బాగా చదువుకున్నవాడు. ఎవరి దగ్గరా ఏమీ ఆశించలేదు, అది కూడా రాయాలి. మన ఊరి తిండి గురించి మన మున్సిపాలిటీయే ఒక విధానం పెట్టుకోవాలని నేను చెబితే శ్రద్ధగా విన్న మొదటి అధికారి ఆయనే. ఆర్నెల్లు తిరక్కుండానే కౌన్సిల్‌లో పెట్టి పాస్ చేయించాడు.

ఆఫీసు ముందు పెద్ద బోర్డు పెట్టారు. ఆరోగ్యం, సుస్థిరం, న్యాయం అని మూడు మాటలు. రెండో మాట సరిగ్గా పలికిన కౌన్సిలర్‌ను నేను చూడలేదు. అయినా లోపల రాసిన విషయం మంచిదే. మున్సిపాలిటీ హద్దుల్లో పండిన కూరలు మన బడులకూ, హాస్టళ్ళకూ, అంగన్‌వాడీలకూ ముందు కొనాలి. పండించేవాళ్ళకు బస్టాప్ పక్కన షెడ్లు కట్టివ్వాలి. భూమి పాస్‌బుక్ ఉన్నా లేకపోయినా, పండించేవాళ్ళే రైతులు. ఈ చివరి మాట పెట్టించడానికి నేను ఎంత కొట్లాడానో నాకే తెలుసు. షెడ్లు వచ్చాక రోడ్డు పక్కన అమ్మకాలు మాత్రం ఉండవు. షెడ్డు దొరకనివాళ్ళకు ఇక ఈ ఊళ్ళో కూర్చునే చోటు లేదన్నమాట. అందరికీ దొరుకుతుందన్న నమ్మకంతో ఆ షరతు ఎవరమూ పట్టించుకోలేదు.

ఇంకో షరతు, శుభ్రమైన నీళ్ళు. అది న్యాయమైన షరతే. మా దగ్గర ఒక కుంట ఉంది. కొత్త కాలనీలకు అనుమతులిచ్చినప్పుడు మురుగు కాలువలన్నీ దాంట్లోకే వదిలారు. వదలనిచ్చింది మా మున్సిపాలిటీయే. దాని కింద పండించిన కూర నేను కొనేదాన్ని కాదు.

అండాలమ్మ మడులు ఆ కుంటకు చాలా దూరం. షెడ్డు వస్తుందని చెప్పడానికి వెళ్తే నమ్మకం లేనట్టు చూసింది.

"పైన రేకులుంటయా?"

"ఉంటయి."

"నల్ల ఉంటదా?"

"నల్లా గూడ ఉంటది."

"గట్లయితే ఇంటికాడ కడుగుడు తప్పుతది. నా నడుము బాగువడ్తది" అని నవ్వింది. ఆ సాయంత్రం నాకు కట్ట లావుగానే కట్టింది.

నల్లా వచ్చే రోజు

తెలంగాణ బయటివాళ్ళ కోసం ఇక్కడ ఒక మాట చెప్పాలి. కుళాయిని మేం నల్లా అంటాం. మాటల్లో ఆ దీర్ఘం కూడా నిలవదు. నల్ల వచ్చింది, నల్ల పోయింది, నల్ల నీళ్లు పట్టుకో అంటాం. అండాలమ్మ బస్తీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఆకుకూరల ఆడవాళ్ళ పనంతా దాని వెంటే నడుస్తుంది. నల్లా వచ్చే రోజు పాలకూర, మెంతికూర, కొత్తిమీర వేళ్ళతో సహా పీకుతారు. వేళ్ళకు మట్టి ఉంటుంది, కడగాలి. నల్లా రాని రోజు పుంటికూర, అంటే గోంగూర, కొమ్మలు విరిచి తెస్తారు, దానికి పెద్దగా కడుగుడు ఉండదు. ఏ కూర అంగట్లోకి వచ్చిందో చూసి నల్లా వచ్చిందో లేదో చెప్పేసేవాళ్ళు బస్తీ జనం.

మధ్యాహ్నం ఇంటి ముందు టబ్బులు పెట్టుకుని కూరను ముంచి, జాడించి, కట్టలు కట్టి, తడిగోనె కప్పుతారు. తాగే నీళ్ళతో కడిగామని చెప్పుకోవడం వాళ్ళకు గొప్ప. "నల్ల నీళ్ల పాలకూర, నల్ల నీళ్ల పాలకూర" అని అరిచి మరీ అమ్మేది అండాలమ్మ. ఆ కూర కోసం కాలనీల ఆడవాళ్ళు ఆఫీసులనుంచి వచ్చేదారిలో బండ్లు ఆపుకునేవాళ్ళు.

షెడ్లు ఎవరికివ్వాలో తేల్చడానికి సర్వే పెట్టారు. సర్వే పని ఒక ఏజెన్సీకి అప్పగించారు. వాళ్ళ తరఫున వచ్చిన అమ్మాయి పేరు దీప్తి. గోదావరి వైపు పిల్ల, హైదరాబాద్ వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. ఎండలో తలకు చున్నీ చుట్టుకుని, చేతిలో ట్యాబ్ పట్టుకుని మడిమడికీ తిరిగింది. కష్టపడే పిల్ల.

ఆమెకు తోడుగా నేను వెళ్ళాల్సింది. ఆ వారం నన్ను ఒక హోటల్లో జరిగే సదస్సుకు పంపారు, గుమ్మం దగ్గర పూలకుండీలు సర్దించడానికి. ఆ సదస్సు దేని గురించో తెలుసా? పట్టణ పేదలకు పౌష్టికాహారం.

బ్లాక్ వాటర్

సర్వే ఫలితాల మీటింగులో కమిషనర్ గారి ముఖం చూడగానే ఏదో జరిగిందని అర్థమైంది.

"మేడం, మీరు చెప్పిన ఆ బస్తీ ఆడవాళ్ళు దాదాపు అందరూ బ్లాక్ వాటర్ వాడుతున్నారు. మీకు తెలుసా?"

బ్లాక్ వాటర్ అంటే పారిశుధ్యం వాళ్ళ భాషలో మరుగుదొడ్లనుంచి వచ్చే నీళ్ళు.

"అండాలమ్మ కూడానా సార్?"

"ఆవిడదే మొదటి పేరు. కొంచెం కూడా సంకోచం లేకుండా చెప్పిందట. పైగా గర్వంగా చెప్పిందని, ప్రమాదం గురించి అవగాహన లేదని ఈ అమ్మాయి నోట్ కూడా రాసింది."

కుంట కింద పండించేవాళ్ళ సంగతి అడిగాను. వాళ్ళంతా బోరు నీళ్ళని చెప్పారు, అర్హులయ్యారు. నీళ్ళు ఎవరూ సీసాలో పట్టలేదు, చెప్పింది రాసుకున్నారు. కుంట నీళ్ళు పరీక్ష చేయించమని అడిగితే, "అది వేరే విభాగం మేడం" అన్నారు.

మీటింగ్ కాగానే ఆటో ఎక్కి బస్తీకి పోయాను. దారంతా అండాలమ్మను తిట్టుకుంటూనే ఉన్నాను. ఇన్నేళ్ళు ఆమె కూర తిన్నానే అనుకున్నాను. ఇంటి ముందు టబ్బు దగ్గర కూర్చుని కొత్తిమీర జాడిస్తోంది.

"సర్వే పిల్లకు ఏం జెప్పినవ్ అండాలమ్మా?"

"ఏ పిల్ల? ఆ చున్నీ పిల్లనా? మంచి పిల్ల మేడం, మీరు మీరు అని మాట్లాడింది."

"ఏం జెప్పినవ్ అంటున్న."

"కూరలకు ఏ నీళ్ళు వాడతారండీ అన్నది. నల్ల నీళ్లు బిడ్డా అన్న. నల్ల నీళ్ళా అని మళ్ల అడిగింది. నల్ల నీళ్లే, ఒట్టు, కావాల్నంటే ఈ బస్తీల ఎవల్నన్న అడుగు అన్న. ఇగ మొహం అదోతీరు వెట్టింది. ఎండకొచ్చింది గదా అని తాగనీకె చెంబు నిండ నీళ్లిచ్చిన. అవి గూడ ముట్టకుండ పోయింది. ఏమైంది మేడం, గట్ల జూస్తున్నవ్?"

నేను అరుగు మీద కూలబడి నవ్వాను. ఆగకుండా నవ్వాను. ఆ పిల్ల ఊళ్ళో నల్లా అనే మాటే లేదని, నల్ల నీళ్ళంటే నల్లటి మోరీ నీళ్ళు, అంటే మురుగుకాలువ నీళ్ళు అనుకుందని, దాన్నే ఇంగ్లీషులోకి దించిందని చెబితే అండాలమ్మ కూడా పడీపడీ నవ్వింది. పక్కింటి ఆడవాళ్ళను పిలిచి వాళ్ళకూ చెప్పింది. వాళ్ళంతా కూడా అదే మాట చెప్పి, అదే ఒట్టు పెట్టుకున్నవాళ్ళే. ఆ గల్లీ గల్లీ అంతా నవ్వింది.

నవ్వు ఆపి, "ఇప్పుడేమైతది?" అని అడిగింది.

"ఏం గాదు. రేపే దిద్దిస్త."

దిద్దడం

దీప్తికి ఫోన్ చేసి చెప్పాను. "మా ఊళ్ళో కుళాయి అంటామండి. నాకు తెలియలేదండి" అని ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే తనంతట తానే కమిషనర్ గారి గదికి వచ్చి, తప్పు తనదేనని చెప్పింది. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ముఖంలో కనిపిస్తూనే ఉంది, అయినా చెప్పింది. నా సర్వీసు మొత్తంలో అంత సూటిగా తప్పు ఒప్పుకున్నవాళ్ళు ఎక్కువమంది లేరు.

కమిషనర్ గారు విని నవ్వారు. "ఇది ఎవరికైనా చెబితే నమ్మరు మేడం" అన్నారు. మా ఇద్దరికీ టీ తెప్పించారు. పని అయిపోయిందనే అనుకున్నాను.

మర్నాటికల్లా సంగతి మారిపోయింది. మీటింగ్‌లోని మాట అప్పటికే బయటికి పొక్కింది. మురుగునీటి కూరలకు అడ్డుకట్ట వేసిన కమిషనర్ అని పేపర్లలో ఫోటోతో వచ్చింది. పైనుంచి మెచ్చుకుంటూ ఫోన్లు. కాలనీల సంఘాలవాళ్ళు బొకేలు తెచ్చారు. ఏ పేర్లు తీసేయాలో, ఏ పేర్లు చేర్చాలో రాసుకుని నేను వెళ్ళేసరికి ఆయన టేబుల్ నిండా పూలు ఉన్నాయి.

"మేడం, నిజం ఏమిటో నాకు తెలుసు. మీకూ తెలుసు" అన్నారు. గొంతులో కోపం లేదు, నచ్చజెబుతున్నట్టే మాట్లాడారు. "ఇప్పుడు కుళాయి నీళ్ళను పట్టుకుని మురుగునీళ్ళన్నామని బయటికి చెబితే ఈ పాలసీయే నవ్వులపాలవుతుంది. మళ్ళీ ఏ కౌన్సిలూ ఇలాంటిది పెట్టదు. ఆ కూరలు ల్యాబ్‌కు పంపిద్దాం. బాగున్నాయని వస్తే రెండో విడతలో షెడ్లు ఇద్దాం. పద్ధతి ప్రకారం వెళ్దాం."

"రోడ్డు మీద అమ్మకాలు వచ్చే వారంనుంచి బంద్ సార్. రెండో విడత దాకా వాళ్ళు ఎక్కడ కూర్చోవాలి?"

"అది నేనూ ఆలోచిస్తున్నాను."

"తప్పు జరగడానికి ఏ పద్ధతీ అక్కర్లేదు. దిద్దడానికి మాత్రం కావాలా సార్?"

ఆయన ఫైలు మూసి గడియారం చూసుకున్నారు. నేను బయటికొచ్చాను. రాతపూర్వకంగా ఇచ్చాను, పై ఆఫీసుకూ పంపాను. పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది. మీరూ ఉద్యోగంలోకి వచ్చారు కదా, ఆ మాటకు అర్థం త్వరలోనే తెలుసుకుంటారు.

ఇందులో లంచం లేదు, కుట్ర లేదు. దుర్మార్గుడైన అధికారిని ఎదుర్కోవడం ఒక విధంగా సులువు. మంచి పేరు కోసం ఆరాటపడే మంచి అధికారిని ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన దృష్టిలో అండాలమ్మకు జరిగింది చిన్న ఆలస్యం. తన పాలసీని కాపాడుకోవడానికి ఆయన ఆ చిన్న ఆలస్యాన్ని ఒప్పుకున్నారు. ఆ పాలసీ ఎవరి కోసం పెట్టారో మాత్రం మరిచిపోయారు.

మోరీ కూర

షెడ్లు తెరిచారు. కుంట కింది రైతులకు కొన్ని ఇచ్చారు. ఖాళీగా మిగిలినవి, అంటే బస్తీ ఆడవాళ్ళవి, ఒక కూరల కంపెనీకి పోయాయి. వాళ్ళకు పైన ఎక్కడో ఫామ్‌హౌస్ తోటలు ఉన్నాయి, నీళ్ళ సర్టిఫికెట్లు ఉన్నాయి. ప్లాస్టిక్ డబ్బాల్లో ఆకులు సర్ది మూతపెట్టి అమ్ముతారు. బస్తీవాళ్ళు ఆ ధర విని నవ్వి పోయేవాళ్ళు. హాస్టల్‌కు కూడా ఆ కంపెనీయే సరఫరా చేసింది. వంటామె ఒకరోజు ఆఫీసుకొచ్చి, "పప్పుల ఆకు దేవులాడుకోవాల్సొస్తుంది మేడం, గంత పిరం కూర ఎట్ల ఒండాలె?" అని నా మీద కోప్పడింది. నేను ఎవరి మీద కోప్పడాలి?

అసలు నష్టం వేరే చోట జరిగింది. పేపర్లో వచ్చిన మాట బస్తీ దాటి, కాలనీలు దాటి తిరిగింది. ఎవరు పెట్టారో, అండాలమ్మావాళ్ళ కూరకు మోరీ కూర అని పేరు పెట్టారు. నల్ల నీళ్ల పాలకూర అని ఆవిడ అరిచినప్పుడు బండ్లు ఆపినవాళ్ళే, ఇప్పుడు ఆవిడ గంపెత్తుకుని గల్లీల్లో తిరుగుతుంటే ఆ అరుపు విని పిల్లల చేయి పట్టుకుని పక్కకు జరిగారు. ఆవిడ తనను తాను వెక్కిరించుకుంటున్నట్టయింది. ఆ మాట అరవడం మానేసింది. మిగతా ఆడవాళ్ళు ఒక్కొక్కరే కూర మానేసి విమానాశ్రయంలో ఊడ్చే పనికీ, గోదాముల్లో డబ్బాలు మోసే పనికీ పోయారు.

అండాలమ్మ మొండిది. బస్సెక్కి అత్తాపూర్ దాకా పోయి, ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ కింద కూర్చుని అమ్మింది. కొన్నాళ్ళు బాగానే నడిచింది. తరవాత మా కాలనీ మనిషే ఒకాయన అక్కడ గుర్తుపట్టి, పదిమందిలో "ఇది ఆ మోరీ కూరామె" అన్నాడట. గంప నిండా ఉన్న కూర అక్కడే ఆవులకు వేసి వచ్చేసింది. నాకు ఈ సంగతి చెబుతూ ఆయన పేరు అడిగితే, "ఆయన తప్పేముంది? పేపర్ల చదివిండు. పేపర్లకు ఎవలు జెప్పిండ్రు?" అన్నది. నన్ను చూసే అన్నది.

మీకు చెప్పేది

పుస్తకాల్లో మీకు చాలా నేర్పుతారు. ఆరోగ్యకరమైన తిండి, నేలను చెడగొట్టని సేద్యం, పండించేవాడికి న్యాయం. అవన్నీ కావాల్సినవే, నేను వాటికి వ్యతిరేకం కాదు. వాటి కోసమే జీవితమంతా తిరిగాను. ఒక ఊళ్ళో తిండి గురించి పాలసీ రాసేముందు ఆ ఊళ్ళో నీళ్ళను ఏమంటారో తెలుసుకోండి. సర్వే చేసేవాళ్ళ పక్కన ఆ ఊరి ఆడమనిషిని ఒకామెను నిలబెట్టండి. జవాబు రాసుకున్నాక తిరిగి చదివి వినిపించండి. ఇంటివాళ్ళు నీళ్ళిస్తే తాగండి, ఆ నీళ్ళు ఎక్కడివో అడగండి. ఆరోజు ఆ చెంబులో నీళ్ళు ఎక్కడివని అడిగి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

తప్పు తెలిసిన రోజే బయటికి చెప్పించండి. మీ పై అధికారి వినకపోతే ఏం చేయాలని అడగకండి. నేను చేయగలిగినవన్నీ చేశాను, ఏమైందో చదువుతున్నారు కదా.

రెండో విడత

ల్యాబ్‌నుంచి ఫలితం వచ్చేసరికి కమిషనర్ గారు ఇంకా పెద్ద పోస్టుకు వెళ్ళిపోయారు. వీడ్కోలు సభలో ఆయన తెచ్చిన పాలసీ గురించి అందరూ మాట్లాడారు. ఆయన కుర్చీలోకి కొత్తగా వచ్చినామె ఫైలు చూసి, మారుమాట్లాడకుండా అండాలమ్మ పేరుతో షెడ్డు రాసింది. అప్పటికి నా సర్వీసు చివరికొచ్చింది. ఈ ఒక్క పనీ నా చేతిమీదుగా అయిందనిపించుకుని పోదామనుకున్నాను. ఆ కాగితం పట్టుకుని లేఅవుట్‌కు పోయాను.

చాలా మడులు పోయాయి. కొన్ని ప్లాట్లకు ప్రహరీలు లేచాయి. మిగిలిన ఒక చిన్న మడిలో అండాలమ్మ పాలకూర పీకుతోంది.

"షెడ్డు వచ్చింది అండాలమ్మా. ల్యాబుల నీ కూర మంచిదని తేలింది."

ఆవిడ చేయి ఆపలేదు. "నా కూర మంచిదని నాకు జెప్పనీకొచ్చినవా?"

"నల్లా గూడ ఉన్నది షెడ్ల. సోమవారం నుంచి కూసోవచ్చు."

"కూసుంట. ఎవలికి అమ్మాలె?"

"అందరికీ చెప్తం. బోర్డు పెట్టిస్త, ల్యాబ్ రిపోర్టు అంటిస్త."

అప్పుడు పని ఆపి నా వైపు చూసింది. కళ్ళల్లో కోపం ఉంటే బాగుండేది, నాకు తట్టుకోవడం తెలుసు.

"నా కోడలే ఒండుతలేదు మేడం. చంటిపిల్ల తల్లి. నేను కూర దీస్కపోతే పక్కకు వెడ్తది, ఆ డబ్బాల కూర కొనుక్కొస్తది. ఎందుకే అని అడిగితే, నువ్వు మంచిగనే కడుగుతవు అత్తమ్మా, నాకెర్కే, కని మనసొప్పుతలేదు అంటది. అది నా కళ్ల ముంగట ఆ టబ్బుల కూర గడిగిన పిల్లనే. నా ఇంట్లనుంచే పోని మాట నీ అంగట్లనుంచి పోతదా?"

కాగితం చేతిలోనే ఉండిపోయింది.

"నాకొక కట్ట ఇయ్యి" అన్నాను చివరికి.

మంచి ఆకులు ఏరి కట్ట కట్టింది. లావుగానే కట్టింది. వేళ్ళ మట్టి దులిపి చేతికిచ్చింది. పైసలిస్తే తీసుకోలేదు. తెల్లరాళ్ళ మధ్యనుంచి రోడ్డు వైపు నడుస్తుంటే వెనకనుంచి పిలిచింది.

"మేడం."

తిరిగి చూశాను. నన్ను చూడకుండా, కింద మడినే చూస్తూ అన్నది.

"జర రెండు మూడుసార్లు కడుగు."

ఇన్నేళ్ళలో తన కూరను కడగమని ఆవిడ ఎవరితోనూ అనగా నేను వినలేదు.